ఐదు లెక్కల కింద ఒక ఉత్తరం

మా మేనత్త కుడిచేతి వేళ్ళు మూడు, నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ వంకాయ రంగులోనే ఉండేవి. సబ్బుకు లొంగని రంగు అది. నిమ్మచెక్కతో రుద్దితే కాస్త సిగ్గుపడి పలచబడేది, మర్నాటికి మళ్ళీ చిక్కబడేది. బడిపిల్లలు ఆమెకు వంకాయమ్మ అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు పెద్దవాళ్ళై, పెళ్ళిళ్ళై, వాళ్ళ పిల్లలు అదే బడిలో చేరి, వాళ్ళూ అదే పేరుతో పిలిచారు. ఆమె అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా మిగల్లేదు. "పోనీలే, కాకరకాయమ్మ అనలేదు, అదే పదివేలు" అనేది అత్త.

ఆమె పని కాపీలు తీయడం. ఇప్పుడు కాపీ అంటే ఎవరికీ లెక్క లేదు. మీట నొక్కితే గాజు కింద వెలుగు ఇటునుంచి అటు నడుస్తుంది, వెచ్చటి కాగితం బయటపడుతుంది. మొదటిది ఎలా ఉందో నూరోదీ అలాగే. గాజు మీద తలవెంట్రుక ఒకటి పడి ఉంటే నూరు కాగితాల మీదా ఆ వెంట్రుకే. ఈ జిరాక్స్ యంత్రాల మీద నాకు పెద్ద గౌరవం లేదు. వాటికి అలసట లేదు, సిగ్గు లేదు, ముఖ్యంగా జ్ఞాపకం లేదు. అత్త యంత్రానికి ఈ మూడూ ఉండేవి.

యంత్రం అనడం కూడా ఎక్కువే. అదొక జెల్లీ పలక. జెలటిన్, గ్లిసరిన్, కాస్త పంచదార నీళ్ళలో వేసి, సన్నటి సెగ మీద కరిగించి, అంచులున్న రేకు పళ్ళెంలో పోస్తే తెల్లారేసరికి గడ్డకట్టేది. వేలితో నొక్కితే పసిపిల్ల బుగ్గలా లోపలికి పోయి మళ్ళీ పైకి వచ్చేది. ప్రశ్నపత్రమో నోటీసో ఊదారంగు సిరాతో ఒక కాగితం మీద చేత్తో రాయాలి. ఆ కాగితాన్ని జెల్లీ మీద బోర్లా పరిచి, అరచేత్తో నిమిరి, రెండు నిమిషాలాగి ఒలిచేస్తే, రాత అద్దంలో చూసినట్టు తిరగబడి జెల్లీలోకి దిగుతుంది. ఇక దాని మీద తెల్లకాగితం వేయడం, నిమరడం, తీయడం. మొదటి పది చిక్కగా వచ్చేవి. తర్వాతి పదీ ఫరవాలేదు. ముప్పై దాటాక సిరా నీరసించేది. నలభై ఐదోది వచ్చేటప్పటికి అక్షరాలు ఆవలిస్తున్నట్టు ఉండేవి.

ఆ బడిలో కాగితాలు ముందు బెంచీ నుంచి పంచడం ఆనవాయితీ. అందువల్ల చివరి బెంచీకి ఎప్పుడూ నీరసం కాపీలే. "కనబడట్లేదు టీచర్" అనడం చివరి బెంచీ వాళ్ళ జన్మహక్కు. పరీక్ష పోతే వంకాయమ్మ మీదకి నెట్టేయడం దాని తర్వాతి హక్కు.

కాపీల గది మెట్ల కింద ఉండేది. గది అనడం మర్యాద కోసమే. ఒక పక్కకు జరిగితే మెట్లు నెత్తికి తగిలేవి. ఒక బల్ల, ఒక స్టూలు, గోడ నుంచి గోడకు తాడు, తాడుకు బట్టల క్లిప్పులు, వాటికి ఆరుతున్న కాగితాలు. తల మీద పిల్లలు ఎక్కుతూ దిగుతూ ఉంటే, ఏ తరగతికి గంట కొట్టారో కాళ్ళ చప్పుడును బట్టి చెప్పేది అత్త. మధ్యాహ్నం రెండింటికి మాత్రం వెంటిలేటర్లోంచి జానెడు ఎండ జెల్లీ మీద పడేది. అప్పుడు ఆమె పని ఆపేసి, గడ్డం కింద చేయి పెట్టుకుని దానిలోకి చూస్తూ కూర్చునేది.

చూడటానికి చాలా ఉండేది. జెల్లీని కడగడం అంటూ లేదు. పని అయ్యాక తడి స్పాంజితో పైపైన తుడిచి, ఒక రోజంతా వదిలేయాలి. అప్పుడు పైనున్న సిరా మెల్లగా అడుక్కి దిగిపోతుంది, పైభాగం మళ్ళీ తెల్లబడుతుంది. కానీ ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు లోపల అన్నీ కనిపించేవట. ఆటల పోటీల నోటీసు, దాని కింద ఎనిమిదో తరగతి చరిత్ర పరీక్ష, దాని కింద పోయిన గొడుగు గురించి ప్రకటన, ఇంకా కింద ఏమిటో గుర్తుపట్టలేని ఊదారంగు మబ్బు. అన్నీ తిరగబడి, ఒకదాని మీద ఒకటి నిద్రపోతూ. "జెల్లీకి మింగడం వచ్చు అమ్మాయ్, మరిచిపోవడం రాదు" అనేది నాతో. ఆ గదిలో కూర్చుని ఆమె సగం జీవితం కలగంది. మిగతా సగం ఒక్క సాయంత్రాన్ని మరిచిపోవడానికి పోయింది. అది మా నాన్న వెళ్ళిపోయిన సంగతి.

మా నాన్న ఆమెకు తమ్ముడు. అప్పటికి ఆయనకు పదహారు, ఆమెకు ఇరవై. మా తాతయ్య అదే బడిలో లెక్కల మాష్టారు. ఆయన ఇంట్లో కూడా మాష్టారే. కొడుకు లెక్కల్లో నలభై దాటడని తాతయ్య తేల్చేశాడు. అత్త మాత్రం ఆ ఏడాదంతా సాయంత్రాలు తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, పలక మీద చెప్పి, నెత్తిన మొట్టి, బతిమాలి లెక్కలు నేర్పింది. ఆమెకు బడిలో కాపీల ఉద్యోగం వచ్చి మూడు నెలలైంది. ఆడపిల్ల జీతం తెస్తోందని వీధిలో మాట్లాడుకునే రోజులు. ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం.

ఆ ఉద్యోగానికి ఒకటే గట్టి నియమం. వార్షిక పరీక్ష ప్రశ్నపత్రం కాపీలు తీశాక జెల్లీని బడిలోనే, సైన్సు గది పొయ్యి మీద కరిగించేయాలి. పలక గడప దాటకూడదు. వార్షిక పరీక్షకు ముందురోజు సైన్సు గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్నాయన ఇంటికి వెళ్ళిపోయాడు. అత్త పలకను తువ్వాలు కప్పి ఇంటికి తెచ్చేసింది. వంటింటి పొయ్యి మీద కరిగిస్తే ఎవరికి తెలుస్తుంది అనుకుంది. తీరా చూస్తే జెల్లీ అంచుల్లో బీటలు వారింది, గ్లిసరిన్ కలపాలి. తమ్ముణ్ణి మందుల షాపుకు పంపి, పలకను చల్లగా ఉంటుందని వీధివైపు కిటికీలో పెట్టి, స్నానానికి వెళ్ళింది. ఆ కాసేపట్లో ఎవరో అద్దం ముక్కో, చురుకైన కళ్ళో ఉన్నవాళ్ళు కిటికీ దగ్గర ఆగారు. ఎవరో ఇప్పటికీ తెలియదు.

పరీక్ష అయిన మూడోరోజు ఆటస్థలంలో ఒక చీటీ దొరికింది. ప్రశ్నలన్నీ వరసగా, ఒక్క అంకె తేడా లేకుండా ఉన్నాయి. పరీక్షకు ముందురోజు సాయంత్రమే అది చేతులు మారిందని తేలింది. అదే వారం మార్కులొచ్చాయి. మా నాన్నకు తొంభై ఆరు.

తాతయ్య తన కూడికలు తీసివేతలు తాను చేసేశాడు. ప్రశ్నపత్రం అసలు ప్రతి ఆయన సంచిలో ఉంది, సంచి ఇంట్లో ఉంది, నలభై దాటని కొడుక్కి తొంభై ఆరు వచ్చాయి.

"ఆ సాయంత్రం ఎక్కడున్నావురా?"

"అక్క గ్లిసరిన్ తెమ్మంది నాన్నా. దగ్గర షాపులో లేదు. స్టేషన్ దాకా వెళ్ళొచ్చాను."

తాతయ్య అత్త వైపు తిరిగాడు. "నువ్వు పంపావా?"

పంపానంటే గ్లిసరిన్ ఇంట్లో ఎందుకని అడుగుతాడు. చెబితే పలక గడప దాటిన సంగతి బయటపడుతుంది. ఉద్యోగం ఊడుతుంది, పరువూ పోతుంది. అత్త తల వంచుకుని తన గోళ్ళ వైపు చూసుకుంది.

"గుర్తు లేదు నాన్నా" అంది.

తాతయ్య ఆ తర్వాత ఏమన్నాడో, చేయి ఎలా లేచిందో ఇద్దరిలో ఎవరూ నాకు సరిగ్గా చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే మా నాన్న రెండు చొక్కాలు చుట్టుకుని బయల్దేరాడు. తాతయ్య పేపరు చదువుతున్నాడు. నాన్న ఆయన వైపు చూడనే లేదట. గుమ్మంలో ఆగి అత్త వైపు చూశాడట. ఆమె అప్పుడైనా ఒక్క మాట అని ఉంటే నేను ఈ కథ రాయాల్సిన పని లేకపోయేది.

ఆ తర్వాత అత్త ఉత్తరాలు మొదలుపెట్టింది. తమ్ముడు ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియదు కాబట్టి అన్ని ఊళ్ళకూ రాసింది. నెలకో శనివారం, బడి వదిలాక, మెట్ల కింద గదిలో ఉత్తరం జెల్లీకెక్కించి ముప్పై కాపీలు తీసేది. రైళ్ళ టైము పుస్తకం తెరిచి ఊరి పేర్లు వరసగా ఎక్కించేది. స్టేషన్ దగ్గరి లాడ్జి యజమాని గారికి, పార్సిలాఫీసు గుమాస్తా గారికి, దయచేసి ఈ కాగితం గోడకు అంటించగలరు. ఆదివారమంతా జెల్లీ ఆ ఉత్తరాన్ని మింగేది. సోమవారానికి తెల్లగా, ఏమీ ఎరగనట్టు నోటీసులకు సిద్ధంగా ఉండేది.

ఉత్తరంలో ఉండేది ఒకటే మాట. తమ్ముడూ, నాన్నకు కోపం తగ్గింది, రా. నాలుగో ఏట తాతయ్య పోయాడు. పోయే ముందు మంచినీళ్ళు అడిగి, "వాణ్ణి క్షమించానని చెప్పమ్మా" అన్నాడు. గ్లాసు పట్టుకుని నిలబడ్డ అత్తకు అప్పుడు కూడా నోరు పెగల్లేదు. మింగలేక కక్కలేక అంటారే, అదీ ఆమె పరిస్థితి. ఆ నెల నుంచి ఉత్తరం కాస్త మారింది. తమ్ముడూ, నాన్న నిన్ను క్షమించి పోయారు, రా. ఒక్క ఊరి నుంచీ జవాబు రాలేదు. పన్నెండేళ్ళు గడిచాయి.

ఆ రోజుల్లో ఆమెకు ఒకే కల వచ్చేదట. జెల్లీ పలక చెరువంత ఉంటుంది. దాని మీద ఆమె చెప్పులు విడిచి నడుస్తుంది. అడుగు వేసిన చోట నేల మెత్తగా లోపలికి పోతుంది. కింద, చాలా కింద, ఊదారంగు అక్షరాలు కదులుతుంటాయి. వంగి చదవబోతే అన్నీ తిరగబడి ఉంటాయి. తమ్ముడు ఆ అడుగు నుంచి పైకి చూస్తూ ఏదో అంటాడు. ఆ మాట కూడా తిరగబడే వినిపిస్తుంది. లేచాక ఆమె చాలాసేపు అద్దం ముందు కూర్చునేది, అక్కడైనా తిన్నగా వినిపిస్తుందేమోనని.

ఇంతలో బడికి సైక్లోస్టైల్ యంత్రం వస్తోందన్నారు. రిబ్బను తీసేసిన టైపుమిషన్ మీద మైనపు కాగితం పెట్టి టైపు కొడితే అక్షరాలు చిల్లులు పడతాయి. దాన్నే స్టెన్సిల్ అంటారు. ఆ స్టెన్సిల్ సిరా డ్రమ్ముకు చుట్టి పిడి తిప్పితే గంటకు వెయ్యి కాపీలు. చివరి బెంచీకి కూడా నల్లగా, స్పష్టంగా వస్తాయి. చేతిరాతతో పని లేదు. సోమవారం నుంచి జెల్లీ పలక చెత్తకుప్పకే. బడి అంతా సంబరపడింది. అత్త ఒక్కతే సంబరపడలేదు. ఆ కొత్త యంత్రం ఆఫీసు గదిలో, అందరి కళ్ళముందు ఉంటుంది. దాని మీద దొంగచాటుగా తమ్ముడికి ఉత్తరాలు తీయడం కుదరదు. తీయదలిస్తే ఇదే ఆఖరుసారి.

శనివారం సాయంత్రం గదిలో కూర్చుని ఎప్పటిలా "తమ్ముడూ" అని రాసి, తర్వాతి మాట రాయలేకపోయింది. ఇంటికి వెళ్ళిపోయింది. ఆదివారం పొద్దున్నే తాళంచెవి పట్టుకుని మళ్ళీ వచ్చింది. బడి నిశ్శబ్దంగా ఉంది. మెట్ల మీద ఒక్క కాలి చప్పుడు లేదు. పన్నెండేళ్ళు చేతికి రానిది ఆ పూట వచ్చింది.

"తమ్ముడికి. ఇన్నాళ్ళూ రమ్మని రాశాను. ఎందుకు వెళ్ళావో రాయలేదు. ఆ సాయంత్రం పలక ఇంటికి తెచ్చింది నేను. కిటికీలో పెట్టింది నేను. గ్లిసరిన్ కోసం నిన్ను పంపింది నేను. నాన్న అడిగితే గుర్తు లేదన్నాను. అప్పుడూ గుర్తుంది, ఇప్పుడూ గుర్తుంది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నువ్వు దొంగవి కావు. నీ తొంభై ఆరు నీవే. అక్క."

ముప్పై కాపీలు తీసింది. ఆరబెట్టింది. మడిచింది. ఊళ్ళ పేర్లు రాయడానికి కలం తీసి, ఆ మాటలు లాడ్జి గోడల మీద ముక్కూ మొహం తెలియని వాళ్ళు చదువుతారని తలుచుకుంటే చెయ్యి ఆడలేదు. ముప్పై కాగితాలూ సంచిలో వేసుకుని ఇంటికి వచ్చి, అలమారలో దుప్పట్ల కింద పెట్టేసింది. పిరికితనం అలవాటైతే దానికీ ఒక చోటు ఉంటుంది.

మధ్యాహ్నం రెండింటికి బంట్రోతు వచ్చాడు. ఆయాసపడుతూ గుమ్మంలోనే కూర్చున్నాడు.

"కొత్త మిషను వచ్చిందమ్మా. స్టెన్సిళ్ళూ వచ్చాయి. కానీ స్టెన్సిల్ తలకట్టు చిల్లులకీ, డ్రమ్ము కొక్కేలకీ పొంతన లేదు. పెళ్ళికూతురు ఒకచోట, మండపం ఇంకోచోట. రేపు పొద్దున ఆరో తరగతికి లెక్కల పరీక్ష. పెద్ద మేడమ్ గారు జెల్లీ మీదే తీసేయమన్నారు. పలక ఖాళీయే కదా?"

లేదు అంటే సరిపోయేది. పొద్దున వాడాను, రేపటిదాకా ఆగాలి అంటే సరిపోయేది. ఆదివారం బడి మూసి ఉండగా ఎవరికోసం వాడావని బంట్రోతు అడిగేవాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అత్త మళ్ళీ తన గోళ్ళ వైపు చూసుకుంది.

"ఖాళీయే" అంది.

బడికి వెళ్ళి జెల్లీని తుడిచింది. మళ్ళీ తుడిచింది. కరిగిద్దామంటే గడ్డకట్టడానికి రాత్రంతా పడుతుంది, కాపీలు సాయంత్రానికి ఆఫీసులో ఉండాలి. పైకి తెల్లగానే కనిపించింది. ఐదు లెక్కలూ రాసి, పరిచి, ఒలిచి, కాపీలు మొదలుపెట్టింది. మొదటి ఐదూ వెలుతురుకు పెట్టి చూసింది. ఆమె ఎప్పుడూ మొదటి ఐదే చూసేది, చెడితే అక్కడే చెడుతుందని. శుభ్రంగా ఉన్నాయి. మిగతావి కలలో తీసినట్టు తీసి, బోర్లా పేర్చి, బంట్రోతుకు ఇచ్చేసింది. ఒక్కో కాగితం లెక్కల సిరాను కొంచెం తీసుకుపోతుంటే, కింద సగం మింగిన ఉత్తరం ఆ తడికి కొంచెం కొంచెం పైకి వస్తోందని ఆమె చూడలేదు. ఇరవై ఐదో కాగితం దగ్గర అది నీడలా మొదలైంది. నలభై దాటేసరికి లెక్కలు పలచబడి, వాటి కింద ఉత్తరం చదవడానికి వచ్చేంతగా తేలింది.

సోమవారం పరీక్ష గదిలో కుట్లు నేర్పే టీచరమ్మ కాపలా ఉంది. పావుగంటకు చివరి బెంచీలో రెండు జడల అమ్మాయి ఒకతె లేచి నిలబడింది.

"టీచర్, ఐదే ప్రశ్నలన్నారు. నాకు ఆరొచ్చాయి."

"ఆరోది ఏంటమ్మా?"

"తెలీదు టీచర్. తొట్టి లెక్క కింద ఎవరో అక్క తమ్ముడికి ఏదో చెప్పుకుంటోంది. తప్పనిసరా? ఎన్ని మార్కులు?"

తరగతి గొల్లుమంది. టీచరమ్మ వచ్చి కాగితం అందుకుంది. ఒక తొట్టిని మొదటి కుళాయి ఆరు గంటల్లో నింపును. దాని కిందే లేత ఊదారంగులో, కిటికీలో పెట్టింది నేను. ఆమె మొత్తం చదివి, ఆ బెంచీ చివర కూర్చుండిపోయింది. "దానికి జవాబు రాయక్కర్లేదమ్మా, మిగతావి చెయ్యి" అంది.

గంట గడవకముందే పెద్ద మేడమ్ గారి నుంచి కబురు వచ్చింది. అత్తను లోపలికి పిలిచి, ఆవిడే లేచి తలుపు వేసింది. బల్ల మీద చివరి కాపీ ఉంది. పెద్ద మేడమ్ గారు కఠినమైన మనిషే గాని అత్త చేతిరాతంటే ఆవిడకు ముచ్చట.

"ఇది నీ చేతిరాతని బడిలో చీమక్కూడా తెలుసు. కానీ నీ సంగతేనని ఎవరికీ తెలీదు. వార్షికోత్సవం నాటకానికి రాసుకున్న ముక్క అని రేపు నోటీసు పెడతాను. దాంతో సరిపోతుంది. ఏమంటావ్?"

అత్త బల్ల మీది కాగితాన్నే చూస్తోంది.

"చూడమ్మా, నిజమే అన్నావనుకో, ఆనాడు ప్రశ్నపత్రం బయటికి పోయింది నీ వల్లేనని నేను రాసి పంపాలి. కాపీల గది తాళంచెవి నీ దగ్గర ఉంచడానికి వీల్లేదు. పైగా ఊరు ఊరుకుంటుందా? నోరు మెదపకుండా తల ఊపు, చాలు."

కిటికీలోంచి పిల్లల గోల వినిపిస్తోంది. అత్తకు ఆ క్షణం కాళ్ళ కింద నేల జెల్లీలా మెత్తబడ్డట్టు అనిపించిందట. తల ఊపడం ఎంత తేలికో ఆమెకు తెలుసు. చూపు అలవాటుగా గోళ్ళ మీదకి వెళ్ళింది. ఆ రంగు చూసి మొదటిసారి తన మీద తనకే అసహ్యం వేసింది. తల ఎత్తింది.

"నాటకం కాదండి. నిజమేనండి. ఆ నోటీసు పెట్టకండి."

తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. ఉద్యోగం పోలేదు, గది పోయింది. ఆమెను వెనకవైపు స్టోరు గదికి మార్చారు. సుద్దముక్కల పెట్టెలు, నోటుపుస్తకాల కట్టలు సర్దిపెట్టే పని. పారేసిన జెల్లీ పలకను అడిగి ఇంటికి తెచ్చుకుంది. అందుకే నాకు తెలిసిన కాలానికి కూడా ఆమె వేళ్ళు వంకాయ రంగులో ఉన్నాయి.

పరీక్ష కాగితాలు పిల్లలతో పాటు ఇళ్ళకు వెళ్ళాయి. ఊరు కోడై కూసింది. అత్త రోడ్డు మీద నడుస్తుంటే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి, దాటాక మళ్ళీ మొదలయ్యేవి. తమ్ముణ్ణి తగలేసిన అక్క అన్నారు. కొందరు మొహం మీదే అన్నారు. ఆమె విని ఊరుకుంది. అబద్ధం అయితే ఏడ్చేదాన్నే, నిజమే కదా అనేది నాతో. అలమారలో ముప్పై కాగితాలు ఉండగానే, వాటికంటే ముందు ఆ లెక్కల కాగితం ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది.

రెండు జడల అమ్మాయి తండ్రి లారీ డ్రైవరు. కూతురి ప్రశ్నపత్రంలోని ఆరో ప్రశ్న ఆయనకు తెగ నచ్చింది. కాగితం లారీలో పెట్టుకుని, ఆగిన ప్రతిచోటా నలుగురికీ చదివి నవ్వించాడు. నాలుగోచోట చదువుతుండగా తనకే నవ్వు రాలేదట. రెండు రోజుల ప్రయాణం అవతల, లారీల తూకం దగ్గర, బండి వెనక నంబరు చెరిగిపోయిందని ఒక పెయింటరును పిలిచాడు. పెయింటరు కుంచెతో అంకెలు దిద్దుతుంటే, డ్రైవరు అలవాటుగా కాగితం తీసి చదివాడు. గ్లిసరిన్ దాకా వచ్చేసరికి కుంచె ఆగింది.

"ఏదీ, ఆ కాగితం ఒకసారి ఇటివ్వండి."

ఇచ్చాడు. పెయింటరు దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడి, తర్వాత చొక్కా జేబులో పెట్టుకుని, రంగు డబ్బా కూడా తీసుకోకుండా నడిచి వెళ్ళిపోయాడు. "నాలుగంకెలకు రెండే వేసి పోయాడు, పిచ్చోడు" అని ఆ డ్రైవరు తిరిగొచ్చాక ఊళ్ళో చెప్పుకున్నాడు. ఆ మాట అత్త చెవిన పడలేదు. పడి ఉంటే ఆ పదకొండు రోజులు ఆమె బతికి ఉండేది కాదని నా నమ్మకం. ఎందుకంటే మా నాన్న వెంటనే రాలేదు. కాగితం జేబులో పెట్టుకుని పదకొండు రోజులు కోపంతోనే తిరిగాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం అత్త స్టోరు గదిలో నోటుపుస్తకాలు డజన్లుగా కడుతోంది. గుమ్మంలో నీడ పడింది.

"పుస్తకాలు పిల్లలకేనండి, బయటివాళ్ళకి ఇవ్వరు" అంది తల ఎత్తకుండా.

"నాకు పుస్తకాలొద్దు."

గొంతు ఆమె గుర్తుపట్టలేదు. పదహారేళ్ళప్పటి గొంతు ఇరవై ఎనిమిదేళ్ళ మనిషిలో ఎక్కడుంటుంది? తల ఎత్తితే గడ్డం, ఎండకు మాడిన మొహం, చేతుల నిండా పెయింటు మరకలు. ఆ మనిషి మడతలు నలిగిన కాగితం తీసి నోటుపుస్తకాల మీద పెట్టాడు. అప్పుడు ఆమె చేతిలోని దారం ఉండ జారి గదంతా దొర్లుకుంటూ పోయింది.

"నీ ఉత్తరాలు ఇంతకు ముందు మూడు చూశాను" అన్నాడు మా నాన్న. "ఒకటి లాడ్జి గోడ మీద. ఒకటి పార్సిలాఫీసులో. ఒకటి మంగలి షాపులో అద్దం పక్కన. మూడూ చింపేశాను."

"ఎందుకురా?" అంది.

"నాన్న నిన్ను క్షమించారు, రా, అని రాశావు. ఏం చేశానని క్షమించారు? నేనేం చేశాను?"

పన్నెండేళ్ళుగా ఆమె వేసిన వల అది. రమ్మని పిలిచిన ప్రతి ఉత్తరమూ అతణ్ణి మళ్ళీ దొంగను చేసిందని ఆమెకు అప్పుడు అర్థమైంది. అతను రాకపోవడానికి కారణం ఊరు తెలియకపోవడం కాదు. ఉత్తరం అందకపోవడం కాదు. అందడమే.

"ఇది బాగా రాశావు" అన్నాడు కాగితం వైపు చూపిస్తూ. "ఊరంతా చదివిందట. ఆరో తరగతి పిల్లలు చదివారు. లారీవాళ్ళు చదివారు. అందరికీ చెప్పావు, నాకు తప్ప. కాగితం మీద కాదు. నా మొహం చూసి, నోటితో చెప్పు."

ఆమె చూపు చేతుల మీదకి దిగబోయింది. దిగనివ్వలేదు. అతని కళ్ళలోకే చూసింది.

"నేనే నిన్ను గ్లిసరిన్ కోసం పంపాను. నాన్న అడిగితే అబద్ధం చెప్పాను."

"మళ్ళీ చెప్పు."

"నేనే పంపాను. అబద్ధం చెప్పాను."

ఎన్నిసార్లు చెప్పించుకున్నాడన్నదాని మీద వాళ్ళిద్దరికీ చివరిదాకా తగాదానే. రెండే అనేవాడు నాన్న. అత్త లెక్క ప్రకారం ఐదు. ఆఖరుసారి పంపాను అన్న మాట సగంలోనే ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి గాని శబ్దం లేదు. అయినా ఆపలేదు, చెబుతూనే ఉంది.

మా నాన్న ముందుకు వంగి ఆమె ఊదారంగు వేళ్ళు పట్టుకుని, "చాల్లే అక్కా" అన్నాడు.